బల్లమీద కాపురం పెట్టిన ల్యాప్‌టాప్

గుడివాడ కుర్రవాడొకడు విజయవాడ కాలేజీలో చేరాడనుకోండి. అతనికి హాస్టల్లో కంప్యూటరు కావాలి. సెలవులకు బస్సెక్కి ఇంటికి వస్తే అక్కడా కావాలి. రెండు కొనటమంటే తండ్రికి తలకు మించిన భారం. అందుచేత ఈ రోజుల్లో కొందరు గేమింగ్ ల్యాప్‌టాప్ ఒకటి కొని, ఇంట్లో ఉన్నప్పుడు దానికి పెద్ద మానిటరూ, కీబోర్డూ, మౌసూ తగిలించి, బల్లమీది కంప్యూటరులాగా వాడుకుంటున్నారు.

ఆటలకోసం చేసినది చదువుకెందుకని పెద్దలు అడగవచ్చు. జవాబు దాని పొట్టలో ఉన్నది. బొమ్మలు తయారుచెయ్యటానికే అందులో వేరుగా ఒక గ్రాఫిక్స్ చిప్పు ఉంటుంది. అదెంత పనో లెక్క వెయ్యండి. సాధారణమైన మానిటరుమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం 20,73,600. ఈ చుక్కలన్నిటినీ సెకనుకు 60 సార్లు పంపాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల పైచిలుకు! రెండు మానిటర్లు పెడితే ఇది రెట్టింపవుతుంది. కదలని పాఠాలూ, ఉత్తరాలూ అయితే మామూలు ల్యాప్‌టాప్ కూడా చూపగలదు. కాని భవనాల నమూనాలు గీసి అన్నివైపులా తిప్పి చూడాలన్నా, వీడియోలు కూర్చాలన్నా ఈ చిప్పు ఎంతో అక్కరకు వస్తుంది.

మానిటరు తీగె తగిలించే ముందు ఒక సంగతి చూసుకోవాలి. హెచ్‌డీఎంఐ రంధ్రంతో పేచీ లేదు. యూఎస్‌బీ-సీ రంధ్రాలు మాత్రం కవలపిల్లల్లా ఒకేలా ఉంటాయి, కాని అన్నీ బొమ్మను మోయవు. ఏది మోస్తుందో యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఇక అసలు చిక్కు వేడి. ఇటువంటి ల్యాప్‌టాప్ గట్టిగా పనిచేసేటప్పుడు 180 వాట్లు తీసుకున్నదనుకుందాం. పాతకాలపు 60 వాట్ల బల్బులు మూడింటిని పలకంత పెట్టెలో పెట్టి వెలిగించినట్టే! తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగా మారి బయటికి రావలసిందే.

ఇబ్రహీంపట్నం దగ్గరి థర్మల్ విద్యుత్కేంద్రం మీలో కొందరు చూసే ఉంటారు. దాని మొదటి యూనిటు 1979లో మొదలయింది. దాన్ని కృష్ణ ఒడ్డున ఎందుకు కట్టారు? టర్బైన్లను తిప్పిన ఆవిరిని చల్లార్చటానికి బోలెడు నీళ్లు కావాలి గనక. ఆ కేంద్రానికి నది దొరికింది. మన ల్యాప్‌టాప్‌కు దొరికేది గదిలోని గాలి ఒక్కటే.

ఆ గాలే వేడిగా ఉంటే? కాచిన పాలు ధనుర్మాసంలో ఇట్టే చల్లారతాయి, రోహిణీకార్తెలో ఎంతకూ చల్లారవు. ఇదీ అంతే. చిప్పు వేడి 100 డిగ్రీలకు దగ్గరపడితే, అది చెడిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. బోలెడు డబ్బు పోసి కొన్న వేగం, బెజవాడ మే నెల మధ్యాహ్నం అలా చేజారిపోతుందన్నమాట.

అందుచేత దాన్ని పరుపుమీద పెట్టకండి. వెనకవైపు కాస్త ఎత్తు పెడితే అడుగునుంచి గాలి ఆడుతుంది. రంధ్రాల్లో చేరిన దుమ్ము అప్పుడప్పుడు తీయించాలి. బల్లమీద చోటు కలిసివస్తుందని కొందరు మూత వేసి వాడతారు; కొన్ని యంత్రాలు కీబోర్డు సందుల్లోనుంచి కూడా గాలి పీలుస్తాయి గనక అది మంచిది కాదు.

అస్తమానం కరెంటుకు తగిలించి ఉంచితే బ్యాటరీకీ చేటే. నిండుగా ఉండి వేడెక్కే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. చాలా కంపెనీలు 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఇస్తున్నాయి, దాన్ని వాడుకోవాలి.

యంత్రాన్ని ఎక్కడికీ మోసుకుపోయే పని లేనివాళ్లకు మాత్రం మామూలు డెస్క్‌టాపే మేలని నా ఉద్దేశం. అదే డబ్బుకు హెచ్చు బలం వస్తుంది. పైగా పాత గ్రాఫిక్స్ కార్డు తీసి కొత్తది వేసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో ఆ చిప్పును సాధారణంగా బోర్డుకే అతికించేస్తారు.

అయితే గాలివానకు కరెంటు పోయిందనుకోండి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ టక్కున ఆరిపోతుంది. ల్యాప్‌టాప్‌కు తగిలించిన మానిటర్లూ ఆరిపోతాయి, కాని ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది. మూత తెరిచే ఉన్నది గనక, కుర్రవాడు ఆ చిన్న తెరమీదే రాసినదంతా భద్రం చేసుకుని, లేచి కిటికీలు మూయవచ్చు.