కుక్కకు మందా? కుస్తీ వద్దు.. ముద్ద చాలు!

గల్ఫ్‌కు బయల్దేరేటప్పుడు ఏజెంటు చెప్పే పని ఒకటి. తీరా వచ్చాక చేసేవి పది. ఇంటి పనికి వచ్చిన కడప, కోనసీమ అక్కాచెల్లెళ్లకైనా, మజ్రాల్లో కాపలా ఉండే కరీంనగర్, నిజామాబాద్ అన్నలకైనా ఈ మాట కొత్తేం కాదు. ఆ పదింటిలో కఫీల్ ఇంటి కుక్కను చూసుకోవడం ఒకటి. తిండి పెట్టడం, బయట తిప్పుకురావడం వరకు ఫర్వాలేదు. అసలు తంటా దానికి జబ్బు చేసినప్పుడే. మేడమ్ మందుల కవరు తెచ్చి చేతిలో పెట్టి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చెప్పి వెళ్లిపోతుంది. ఇక్కడేమో కుక్క నోరు తెరవదు.

ఇద్దరు ముగ్గురు కలిసి గట్టిగా నొక్కి పట్టుకుంటే మొదటిరోజు ఎలాగో మింగుతుంది. రెండోరోజు మందు కవరు చప్పుడు వింటేనే సోఫా కిందకు దూరుతుంది. మూడోరోజు గుర్రుమంటుంది. బలం వాడేకొద్దీ పని కష్టమవుతుందే తప్ప తేలిక కాదు. కరిస్తే దెబ్బ మన చేతికి. మందు పడక జబ్బు ముదిరితే మాట మన మీదకి. అందుకే ఈ పని ఉపాయంతో చేయాలి.

ముందు నాలుగు మాటలు అడగండి

మందు చేతికి తీసుకునేటప్పుడే నాలుగు సంగతులు తెలుసుకోండి. రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు? తిండికి ముందా, తర్వాతా? మాత్ర విరవొచ్చా, నూరొచ్చా? పాలు, చీజ్‌తో ఇవ్వొచ్చా? అరబ్బీలో మాత్రను 'హబ్బా' అంటారు. 'కమ్ మర్రా' అంటే ఎన్నిసార్లు అని. 'ఖబ్ల్ అల్ అకల్' అంటే తిండికి ముందు, 'బాద్ అల్ అకల్' అంటే తిన్న తర్వాత.

ఇవన్నీ ఎందుకంటారా? కొన్ని మాత్రలకు పైన పూత ఉంటుంది. అవి కడుపు దాటాక కరగాలి. నూరితే ఆ పూత పోతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి డాక్టర్లు తరచూ డాక్సీసైక్లిన్ రాస్తారు. అది గొంతు గొట్టంలో ఇరుక్కుంటే లోపల పుండు చేస్తుంది. అందుకే వట్టి మాత్ర వేసి వదిలేయకూడదు. ఆ రకం మందులు పాలు, చీజ్‌తో కలిస్తే ఒంటికి సరిగా పట్టవు.

మూడు ముద్దల లెక్క

తిండితో ఇవ్వొచ్చని చెబితే సగం పని అయిపోయినట్టే. కుక్కకు ఆకలి మీదున్న టైం చూసుకోండి. రోజూ తిండి పెట్టే వేళకు కాస్త ముందైతే మంచిది. ఎముక లేని చికెన్ ఉడకబెట్టి, ఉసిరికాయంత ముద్దలు మూడు చేయండి. ఉప్పూకారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు. మాత్ర రెండో ముద్దలో పెట్టండి. మొదటి ముద్ద ఖాళీది. అది తిని 'బాగుంది' అనుకుంటుంది. రెండోది నోటికి ఇస్తూ, మూడోది కంటికి కనబడేలా పట్టుకోండి. దాని ధ్యాసంతా మూడో ముద్ద మీదే. రెండోది నమలకుండా గుటుక్కున మింగేస్తుంది. వెంటనే మూడోది పెట్టేయండి.

ఇందులో చిన్న కిటుకు ఉంది. కుక్క ముక్కు మహా చురుకైనది. మాత్ర ముట్టుకున్న వేళ్లతోనే ముద్ద చుడితే వాసన పట్టేస్తుంది. మాత్రను ఒక చేత్తో పెట్టి, ముద్దను రెండో చేత్తో చుట్టండి. గిన్నెడు తిండిలో మందు కలిపి మాత్రం పెట్టొద్దు. సగం తిని వదిలేస్తే ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఖర్జూరానికి కొదవ లేదు కాబట్టి గింజ తీసి చిన్న ముక్కలో మాత్ర పెట్టొచ్చు. షుగర్ జబ్బున్న కుక్కకు మాత్రం వద్దు.

నోట్లో వేయక తప్పనప్పుడు

మిమ్మల్ని బాగా ఎరిగిన, నోరు ముట్టుకోనిచ్చే కుక్క అయితేనే ఈ పద్ధతి. ఎదురుగా నిలబడి మీదికి వంగొద్దు, పక్కన కూర్చోండి. పై కోరపళ్ల వెనక బొటనవేలు, చూపుడువేలు పెట్టి పై దవడ పట్టుకుని తల కొంచెం పైకెత్తండి. కింది దవడ దానంతటదే వదులవుతుంది. రెండో చేతి నడిమివేలితో కింది ముందుపళ్లను మెల్లగా నొక్కి, నాలుక మీద బాగా వెనక్కి, నడిమధ్యన మాత్ర పెట్టండి. నోరు మూసి, తల మామూలుగా దించి గొంతు నిమరండి. ముక్కు నాక్కుందంటే మింగిందని గుర్తు. ఆ తర్వాత సిరంజితో చెంచాడు నీళ్లు పట్టండి, లేదా తిండితో ఇవ్వొచ్చన్న మందైతే మెత్తటి తిండి కొంచెం పెట్టండి.

నీళ్ల మందు విషయంలో మాత్రం మన ఊరి అలవాటు మర్చిపోవాలి. బర్రెకు తల పైకెత్తి గొట్టంతో మందు పోయడం మనలో చాలామంది చూసిందే. కుక్కకు అలా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. సూది తీసిన సిరంజిని బుగ్గకు, పళ్లకు మధ్య పెట్టి, తల ఎత్తకుండా కొంచెం కొంచెంగా వదలండి. మింగే వ్యవధి ఇవ్వండి. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు అసలే ఊపిరి కష్టం. వాటితో పెనుగులాట అస్సలు వద్దు.

వీటి జోలికి వెళ్లొద్దు

చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు విషం. వాటిలో మాత్ర దాచొద్దు. కొన్ని పీనట్ బటర్ డబ్బాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అదీ విషమే. మందు అయిపోయిందని మీ దగ్గరున్న పనడాల్, బ్రూఫెన్ వేయొద్దు. మనిషికి మామూలు మాత్రే కుక్క ప్రాణం మీదకు తెస్తుంది. మజ్రాలో గొర్రెలకు వాడే ఐవర్‌మెక్టిన్ కుక్కకు ఇవ్వడం ఇంకా ప్రమాదం. గొర్రె లెక్కన ఇస్తే కుక్కకు డోసు మించిపోతుంది. కోలీ లాంటి జాతులైతే అస్సలు తట్టుకోలేవు. ఒక పూట మందు తప్పితే తర్వాతి పూట రెండు వేయొద్దు, మేడమ్‌కు చెప్పండి.

గుర్రుమంటే ఆపేయండి

ఒళ్లు బిగబట్టి కదలకుండా నిలబడటం, కనుగుడ్ల తెల్లభాగం కనబడేలా ఓరగా చూడటం, పెదవి పైకెత్తి పళ్లు చూపడం.. కుక్క కరిచేముందు ఇచ్చే హెచ్చరికలివి. అక్కడితో చేయి వెనక్కి తీసుకోండి. 'ఈ కుక్కకు నేను మందు వేయలేను, డాక్టర్ దగ్గర వేయించండి' అని చెప్పడం తప్పు కాదు.

ఒకవేళ కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆరోజే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంటి కుక్కే కదా అనుకోకుండా దాని టీకా కార్డు అడగండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లన్న భయం పెట్టుకోవద్దు. అవి పాతకాలం మాట. ఇప్పుడు చేతికే, నాలుగైదు డోసులతో సరిపోతుంది. కువైట్‌లో 2015లో, యూఏఈలో 2022లో వచ్చిన ఇంటి పనివాళ్ల చట్టాలు వైద్యం బాధ్యతను యజమాని మీదే పెట్టాయి. ఖర్చుకు జడిసి గాయం దాచుకోవద్దు.

మాట పడకుండా ఉండాలంటే

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి. తేదీ వేసి, మందు వేసిన ప్రతిసారీ టైం రాసి టిక్కు పెట్టండి. వీలైతే వాట్సాప్‌లో మేడమ్‌కు ఫొటో పంపండి. చాలా కుక్కలు మాత్రను బుగ్గలో దాచి, మీరు వెళ్లాక ఉమ్మేస్తాయి. అందుకే రెండు నిమిషాలు కనిపెట్టుకుని ఉండండి. ఉమ్మేస్తే ఉమ్మేసిందని చెప్పేయండి. వేయకుండా వేశానని చెబితే, జబ్బు తగ్గనప్పుడు డాక్టర్ మందు డోసు పెంచుతాడు. దాంతో కుక్కకూ ముప్పే, మీకూ ముప్పే.

మందు లేని రోజుల్లోనూ మూతి నిమిరి, పెదవి ఎత్తి చూసి ఓ ముక్క పెడుతుండండి. మీ చేయి దగ్గరికొస్తే మంచే జరుగుతుందని దానికి నమ్మకం కుదిరితే, మందు వేసే రోజు సోఫా కిందకు దూరదు.