అవునంటూనే అడిగిన మనిషి – జైపాల్ సింగ్ ముండా



పోయిన వారం సోషల్ క్లాసులో రాజ్యాంగ సభ పాఠం అయ్యింది. నెహ్రూ గారు, అంబేద్కర్ గారు, అందరి గురించీ చదివాం. అందులో మన ఆదివాసీలు ఎవరూ లేరా అని అడిగితే సార్ జైపాల్ సింగ్ ముండా పేరు చెప్పారు. లైబ్రరీలో వెతికి చదివి ఇది రాస్తున్నాను.

ఆయన 1903లో ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న టక్రా అనే ఊళ్ళో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకి కెప్టెన్. (ఫైనల్ మాత్రం ఆయన ఆడలేదు. అయినా బంగారు పతకం మనకే వచ్చింది.) ఇవన్నీ గొప్పే గానీ నాకు ఆయన సభలో మాట్లాడిన తీరు ఎక్కువ నచ్చింది. ఆయన బీహార్ నుంచి ఇండిపెండెంట్‌గా ఆ సభకి వెళ్ళారు.

1946 డిసెంబర్ 13న నెహ్రూ గారు ఆశయాల తీర్మానం పెట్టారు. 19న జైపాల్ సింగ్ గారు లేచి, నేనొక జంగ్లీని అని చెప్పుకున్నారు. అది చదివి నేను పుస్తకం మూసేశాను. ఒకసారి సంతలో అమ్మ ఇప్పపువ్వు అమ్ముతోంది. తూకం తక్కువేశావని అడిగితే, అడివోళ్ళకి లెక్కలు కూడా వచ్చా అని ఒకాయన నవ్వాడు. నేను పక్కనే ఉండి ఏమీ అనలేదు. ఆయనేమో అదే మాటని ఢిల్లీలో అంతమంది పెద్దోళ్ళ ముందు ఇంటిపేరులాగ చెప్పుకున్నారు.

మా వాళ్ళ చరిత్ర అంతా దోపిడీ, భూములు పోవడం, మధ్య మధ్య తిరుగుబాట్లు అని కూడా అన్నారు. ఇంత చెప్పి తీర్మానం వద్దన్నారా? లేదు. నెహ్రూ గారి మాట నమ్ముతున్నాను, మద్దతు ఇస్తున్నాను అన్నారు. నాకు ముందు అర్థం కాలేదు. మన హాస్టల్లో కోపమొస్తే అన్నం మానేస్తాం, లేకపోతే సరే మేడం అని తలూపి రూముకొచ్చి గొణుక్కుంటాం. (మేడం, కోప్పడకండి.) ఆయన చెప్పాల్సింది ఎదురుగానే చెప్పి, కలిసి నడుస్తానన్నారు.

ఇంకో మాట కూడా అన్నారు. ఆదివాసీలకి మీరు ప్రజాస్వామ్యం నేర్పక్కర్లేదు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలి అని. నిజమే, మా ఊళ్ళో తగువొస్తే చింతచెట్టు కింద అందరూ కూర్చుని తెగేదాకా మాట్లాడతారు. కానీ ఆడవాళ్ళు వెనకే నిలబడతారు. ఆ సభలో మగవాళ్ళు మరీ ఎక్కువున్నారు, ఆడవాళ్ళు ఇంకా రావాలని కూడా ఆయనే అన్నారు. అందులో ఉన్న ఆడవాళ్ళు మొత్తం 15 మందే.

ఆదివాసీ అనే పేరే రాజ్యాంగంలో ఉండాలని ఆయన అడిగారు, ఒప్పుకోలేదు. షెడ్యూల్డు తెగలు అనే పెట్టారు. మన సర్టిఫికెట్లలో ఇప్పటికీ అదే ఉంది. ఓడిపోయానని ఆయన సభ వదిలి పోలేదు. తర్వాత 1952 నుంచి లోక్‌సభలో ఉన్నారు, 1970లో చనిపోయారు. ఆయన అడిగిన జార్ఖండ్ రాష్ట్రం 2000లో వచ్చింది.

ఒక్క విషయంలో నాకు ఆయనతో కుదరలేదు. 1948లో మద్యనిషేధం గురించి సభలో చర్చ వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. సంతాలులు ఇంట్లో బియ్యంతో చేసుకునే పానీయం దేవుడి పూజలో ఉంటుంది, అది లేకపోతే వరినాట్లు కూడా సాగవు అన్నారు. మన జీలుగు కల్లు లాంటిదే అనుకోండి. మా భూమి పండగలో కూడా ముందు దేవతకి పోసి తర్వాతే తాగుతారు. దాన్ని తప్పనడం నాకూ ఇష్టం లేదు. కానీ మా నాన్న తాగేది ఆ కల్లు కాదు, బెల్టు షాపు మందు. పోయిన వేసవిలో అమ్మా నేనూ కోసిన తునికాకు డబ్బులన్నీ దానికే పోయాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారని చదివినప్పుడు నాకు వాళ్ళే కరెక్టు అనిపించింది. ఆ రోజు సభలో నేనుంటే, అయ్యా, మీరు చెప్పింది అవును గానీ దేవతకి పోసేది వేరు, షాపులో కొనేది వేరు కదా అని లేచి అడిగేదాన్ని.

– 9వ తరగతి విద్యార్థిని