మేజర్లయినా మానని గాయం
తల్లిదండ్రుల విడాకులు: యువతపై చూపే ప్రభావం

మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు డిండోలి, లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. వలస వచ్చిన చోట తల్లిదండ్రులు విడిపోతే బిడ్డలపై పడే భారం ఎక్కువ. సొంత ఊళ్లో అయితే అమ్మమ్మో, మేనమామో ఆదుకోవచ్చు. ఇక్కడ ఇంటి అద్దె, తమ్ముళ్ల చదువు అప్పుడే సంపాదన మొదలుపెట్టిన పెద్దబిడ్డ నెత్తిన పడే ప్రమాదముంది. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు తండ్రి ఎక్కడున్నాడన్న ప్రశ్న, పీటల మీద ఎవరు కూర్చోవాలన్న మీమాంస పాత గాయాన్ని మళ్లీ రేపుతాయి.

చట్టం దృష్టి ప్రధానంగా మైనర్లపైనే. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం కుమారుని పోషణ బాధ్యత అతడికి 18 ఏళ్లు నిండేవరకే. తనను తాను పోషించుకోలేని అవివాహిత కుమార్తెకు మాత్రం ఆ హక్కు తర్వాతా ఉంటుంది. పైగా అనేక సంసారాలు కోర్టు గడప తొక్కకుండానే విడిపోతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం, విడాకులు పొందినవారికి దాదాపు మూడు రెట్ల మంది విడాకులు లేకుండానే వేరుగా ఉంటున్నారు.

అమెరికన్ మనస్తత్వవేత్త జుడిత్ వాలర్‌స్టీన్ 1971లో కాలిఫోర్నియాలో 60 కుటుంబాలకు చెందిన 131 మంది పిల్లలపై అధ్యయనం ప్రారంభించి, పాతికేళ్లపాటు వారిని గమనించారు. ప్రేమ, పెళ్లి ప్రసక్తి వచ్చే వయస్సులోనే వారిలో భయం, అపనమ్మకం బలంగా బయటపడ్డాయని ఆమె తేల్చారు. ఈ నిర్ధారణతో అందరూ ఏకీభవించలేదు. సుమారు 1,400 కుటుంబాలను పరిశీలించిన మావిస్ హెదరింగ్టన్, విడాకుల కుటుంబాల పిల్లల్లో తీవ్ర సమస్యలు ఎదుర్కొన్నది దాదాపు నాలుగో వంతేనని వెల్లడించారు. విడిపోని కుటుంబాల్లో అది పదో వంతు. నిత్యం కలహాలతో నలిగే ఇంట విడాకులు పిల్లలకు ఊరట కావచ్చుననీ, ప్రశాంతంగా కనిపించిన ఇల్లు హఠాత్తుగా చీలినప్పుడు దెబ్బ తీవ్రంగా ఉంటుందనీ పాల్ అమాటో, అలన్ బూత్ 1997లో వివరించారు.

ఎదిగిన పిల్లలు అన్నీ అర్థం చేసుకుంటారన్న ధీమాతో వారిని రాయబారులుగా, సాక్షులుగా మార్చడం తగదు. ఒకరి తప్పులను మరొకరు బిడ్డ ముందు ఏకరువు పెట్టకపోవడం తల్లిదండ్రుల చేతిలో ఉన్న పని. దిగులు, నిద్రలేమి, పనిపై అనాసక్తి వారాల తరబడి వీడకపోతే వైద్య సలహా అవసరం. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై రేయింబవళ్లు ఉచితంగా, తెలుగుతో సహా పలు భాషల్లో అందుతోంది.