సైకిలు ప్రయాణమునకు దారిబత్తెము

దూరప్రయాణమునకు బయలుదేరువారు దారిబత్తెము కట్టుకొని పోవుట మన పూర్వాచారము. అటుకులు, బెల్లము, వేయించిన సెనగలు, పులిహోర - మూటలోనికి చేరిన ఈ వస్తువులు ఊరక ఎన్నుకొనబడినవి కావు. ఇవి త్వరగా చెడవు. తిన్న కొంతసేపటికే బలమిచ్చును. పళ్ళెము, చెంచా అక్కరలేక చేత పట్టుకొని తినవచ్చును. కాలినడకను, ఎడ్లబండ్లపైనను పోయిన మన పెద్దలు ఏ గుణములను చూచి దారిబత్తెమును సమకూర్చుకొనిరో, సైకిలుపై పోవు నేటివారును ఆ గుణములనే చూడవలసియున్నది.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములనుండి తెల్లవారుజామున సైకిళ్ళపై వెడలువారు పలువురు కలరు. ఇందిరా పార్కు ప్రక్కగా పోయి ట్యాంకుబండు చుట్టి వచ్చువారు కొందరు. గండిపేట చెరువు వరకు పోయి వచ్చువారు కొందరు. అవుటర్ రింగురోడ్డు ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన, సౌరఫలకములే పైకప్పుగా గల 23 కిలోమీటర్ల సైకిలు బాటను వెదకికొని పోవువారు మరికొందరు. వీరందరికిని కలుగు సందేహ మొక్కటే: వెంట ఏమి తీసికొని పోవలెను? దుకాణములలో రంగురంగుల పానీయములు, పొడులు, శక్తినిచ్చునని ప్రకటించుకొను మిఠాయి బద్దలు వరుసగా పేర్చియున్నవి. వీనిలో దేనిని కొనవలెనను ప్రశ్నకు ముందు మరి రెండు ప్రశ్నలు వేసికొనవలెనని మేము మనవి చేయుచున్నాము. ప్రయాణ మెంతసేపు? ఎండ ఎంత? ఈ రెండింటికి సమాధానము దొరకినచో మిగిలినదంతయు మన వంటయింటిలోనే దొరకును.

ముందుగా దేహములో జరుగునదేమో చూతము. కండరము కదలుటకు వలయు శక్తి ఏ.టి.పి. అను పదార్థము ద్వారా లభించును. దీనిని కండరములలో కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేయుచు, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి.ని వెల్లడించిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. ఈ ఏ.టి.పి. జేబులోని చిల్లర వంటిది. కొన్ని సెకండ్లకు మించి చాలదు. కావున దేహము క్షణక్షణమును దానిని మరల తయారుచేసికొనుచుండును. అందులకు వినియోగపడు ఇంధనములలో ముఖ్యమైనవి రెండు: కొవ్వు, పిండిపదార్థములనుండి వచ్చిన చక్కెర.

కొవ్వు సన్నని మనిషిలో సైతము కావలసినంత యుండును. కాని అది మెల్లగా మండును. చక్కెర వేగముగా మండును; కాని దాని నిలువ స్వల్పము. కండరములలోను, కాలేయములోను గ్లైకోజెన్ అను రూపమున దాగియున్న చక్కెర మొత్తము సుమారు 400 నుండి 500 గ్రాములు మాత్రమే. గట్టిగా త్రొక్కినచో అది గంటన్నర, రెండు గంటలలో చాలవరకు ఖర్చగును. కాలేయములోని నిలువ తగ్గినకొలది రక్తములోని చక్కెర తగ్గును; దాని నాధారము చేసికొన్న మెదడు మందగించును. కాళ్ళు చచ్చుబడినట్లగును, కళ్ళు బైర్లు కమ్మును, చిరాకు పుట్టును, చూపు నిలువదు. నాలుగు గోడల నడుమ ఇది చిన్న అస్వస్థత. మెహదీపట్నము వద్ద ఉదయము తొమ్మిది గంటల బస్సుల రద్దీలో రెండు చక్రములపై నున్నవానికి ఇది ప్రాణాపాయము. దారిబత్తెమును గూర్చి ఇంత ఆలోచించుటకు కారణ మిదియే.

ఇక ప్రయాణములను విభజించి చూతము. చిక్కడపల్లినుండి ట్యాంకుబండు చుట్టి గంటలోపల ఇల్లు చేరువానికి నీరు చాలును. రాత్రి భోజనము చేసిన ఆరోగ్యవంతునికి ఇంతదూరమునకు వలసిన శక్తి ఒంటిలోనే యున్నది. బరువు తగ్గుటకై త్రొక్కుచు, మధ్యలో తీపి పానీయము త్రాగువారు ఒక చేత ఖర్చుపెట్టినదానిని మరియొక చేత జమ కట్టుకొనుచున్నారు.

గండిపేట సంగతి వేరు. అది ఈ పేటలకు సుమారు 25 కిలోమీటర్ల దూరమున నున్నది. పోవునపుడు మొత్తముమీద దారి ఎగువకే సాగును. హుస్సేన్‌సాగరు పూర్తి నీటిమట్టము సముద్రమట్టమునకు 513 మీటర్ల ఎత్తున నుండగా, గండిపేటది 1,790 అడుగులు, అనగా సుమారు 545 మీటర్లు. చల్లని వేళ ఎగువకు పోయి, ఎండ ముదిరిన తరువాత రద్దీలో తిరిగివచ్చుట ఈ ప్రయాణము తీరు. రానుపోను మూడు గంటలకు తక్కువ కాదు. గంటకు మించి సాగు శ్రమలో, గంటకు 30 నుండి 60 గ్రాముల పిండిపదార్థము తీసికొనుట మేలని క్రీడా పోషణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆకలి వేయువరకు ఆగక, మొదటి ముప్పావుగంట గడచినప్పటినుండి కొంచెము కొంచెముగా తినవలెను.

ఈ గ్రాములు ఇంటి లెక్కలో ఎంత? మధ్యరకపు అరటిపండులో 20 నుండి 25 గ్రాములు. రెండు మూడు మంచి ఖర్జూరములలో రమారమి అంతే. చిన్న ఇడ్లీలో పది గ్రాముల వరకు. పాతిక గ్రాముల బెల్లపు ముక్కలో ఇరువది గ్రాములకు పైగా. కావున గంటకు రెండు అరటిపండ్లు, లేదా ఒక అరటిపండు, రెండు ఖర్జూరములు చాలును. ఇట్టి లెక్కలకు మనము దూరము పోనక్కరలేదు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయను పేరు పొందిన సంస్థ తార్నాకలో నున్నది. చిక్కడపల్లినుండి సైకిలుపై అరగంట. మన దేశపు ఆహారపదార్థములలో ఏది ఎంత యున్నదో తెలుపు పట్టికలను ఈ సంస్థయే ప్రకటించినది.

పల్లీపట్టి అందరికి ఇష్టమైనది. బెల్లపు పాకము త్వరగా బలమిచ్చును; కాని పల్లీలలో దాదాపు సగము నూనెయే కనుక అవి ఆలస్యముగా అరుగును. ఒక బద్దను దారి పొడుగున నెమ్మదిగా నములుట మంచిది, ఒక్కసారిగా నాలుగు తినుట మంచిది కాదు. పుట్నాలు, మరమరాలు తేలిక. కాని నీరు లేనిదే గొంతు దిగవు, గాలికి ఎగిరిపోవును. ఆగి కూర్చుండునపుడు వీనిని తినవలెను. మిరపకాయ బజ్జీలు, సమోసాలు తిరుగు ప్రయాణము ముగిసిన తరువాతి వేడుకకు ఉంచుకొనుడు. నూనె కడుపులో నిలిచియుండగా ఎగుడుదారి త్రొక్కినచో వికారము తప్పదు.

అన్నము కట్టుకొని పోవువారు ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. బియ్యములో నుండు బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉడికించినను చావవు. వెచ్చగా నిలువయున్న అన్నములో అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషములలో ఒకటి మరల వేడిచేసినను పోదు. పులిహోరలోని చింతపండు పులుపు ఈ జీవులను కొంత అణచును. పెద్దలు దారికి పులిహోరను కలుపుటలోని నేర్పు ఇదియే. అయినను వేసవిలో అది సంజీవి కాదు. అన్నము ఆరబెట్టి పొడిగా కలుపుకొని, చల్లని వేళలోనే తినివేయవలెను. మే నెల ఎండలో సంచిలో మ్రగ్గిన పెరుగన్నమును ముట్టకుండుటయే మేలు.

పానీయమునకు వత్తము. వేడిలో శ్రమించువానికి గంటకు అరలీటరునుండి లీటరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు చెమట పోవును. చెమటతో నీరు మాత్రమే కాదు, ఉప్పు కూడ పోవును. చిన్నప్రేవులో చక్కెరయు ఉప్పులోని సోడియమును జతగా లోపలికి పోవుననియు, వాని వెంట నీరు కూడ పోవుననియు 1960 ప్రాంతమున శాస్త్రజ్ఞులు గ్రహించిరి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకు కలరా సోకగా, బన్‌గాఁవ్ శిబిరమున డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ సూత్రముతో ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలమందిని కాపాడెను. అదియే ఓ.ఆర్.ఎస్. విరేచనములు పట్టినవానికి అది మందు. సైకిలువానికి అదే సూత్రముపై మరికొంచెము తీపిగా, ఉప్పు తక్కువగా చేసికొనవచ్చును. కాచి చల్లార్చిన లీటరు నీటిలో పది పన్నెండు చిన్నచెంచాల పంచదార, పావుచెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ రసము. ఇంతకు మించి చిక్కని తీపి కడుపులోనుండి మెల్లగా దిగును. సీసాల శీతలపానీయములు నడిదారిలో పొట్ట ఉబ్బరించుటకు కారణ మిదియే. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ మంచిదే, కాని బయలుదేరిన తొలి గంటలోనే త్రాగవలెను. కొబ్బరినీటిలో పొటాషియము మెండు, సోడియము తక్కువ. దానితోపాటు ఉప్పు తగిలిన తిండి ఏదైన నుండవలెను.

ఓ.ఆర్.ఎస్. అను మాట చుట్టును జరిగిన ఒక సంగతి ఇచట చెప్పదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించిన పాళ్ళు లేకయే, పంచదార మిక్కుటముగా గల పానీయములు ఆ పేరు తగిలించుకొని చిరకాలము అమ్ముడయ్యెను. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజనీ సంతోష్ దీనిపై అనేక సంవత్సరములు పోరాడిరి. ఆ పాళ్ళు లేని పానీయములు ఆ మాటను పేరులో వాడరాదని కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2025 అక్టోబరులో ఉత్తరువు చేసినది. సీసా ముందున్న పేరును గాక, వెనుకనున్న చిన్న అక్షరములను చదువుట మనము నేర్చుకొనవలసిన అలవాటు. నూరు మిల్లీలీటర్లకు ఎంత పంచదార, ఎంత సోడియము అను రెండు అంకెలు చాలును.

నీరు తక్కువైనచో వడదెబ్బ. మరి ఎక్కువైనచో? అదియు అపాయమే. 2002 బోస్టన్ మారథానులో పరుగెత్తిన 488 మంది రక్తము పరీక్షింపగా, 13 శాతము మందిలో సోడియము ఉండవలసినదానికంటె తగ్గియుండెను. పరుగులో మితిమీరి త్రాగి బరువు పెరిగినవారిలో ఇది అధికముగా కనబడెను. ఉప్పు లేని నీటిని బలవంతముగా త్రాగరాదు. దాహమును అనుసరించి గ్రుక్కెడు గ్రుక్కెడుగా త్రాగవలెను. మధుమేహము, రక్తపుపోటు, మూత్రపిండముల వ్యాధి గలవారు తీపి, ఉప్పుల పాళ్ళను తమ వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

అశోక్‌నగర్ వసతిగృహములలో నుండి పోటీపరీక్షలకు చదువుకొను విద్యార్థులకు వంటయిల్లు లేదు. అయినను కొరత లేదు. తోపుడుబండిమీది అరటిపండ్లు, కిరాణాకొట్టులోని పుట్నాలు, బెల్లము, ఖర్జూరములు, గదిలో నొక నిమ్మకాయ, ఉప్పు పొట్లము - ఇవి కొన్న సీసా ఖరీదులో కొంత భాగమునకే వచ్చును. ఉదయము ఏమియు తినక, వట్టి టీ త్రాగి దూరము బయలుదేరుట వీరిలో కొందరికి అలవాటు. అరగంట ముందు ఒక అరటిపండైనను తినవలెను. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు ఆగినచోట ఉల్లాసమునకు బాగుండును. అవి నీటికి బదులు కావు.

కట్టుకొనుటలోను కొంచెము జాగ్రత్త కావలెను. అరటిపండ్లు నలగకుండ డబ్బాలో నుంచవలెను. నీటిసీసాకు తడిగుడ్డ చుట్టినచో కూజాలోని నీటివలె చల్లగా నుండును. తినుటకు ముందు చేతులు కడుగుకొనుటకు కొంత నీరు వేరుగా నుంచుకొనవలెను. త్రొక్కుచు తినరాదు, బండిని ప్రక్కకు తీసి, ఒక కాలు నేలపై ఆనించి తినవలెను. వెనుక వచ్చు బస్సునకు మన ఆకలి తెలియదు.

గంటలోపల నీరు, గంట దాటినచో నీటితోపాటు తీపి, కొంచెము ఉప్పు, రెండు గంటలు దాటినచో వీనితో కూడ నమలదగిన తిండి. ఇంటిల్లిపాది గుర్తుంచుకొనవలసినది ఇంతే. తెల్లవారుజామున సైకిలు బయటికి తీయు పిల్లవానిని “ఎక్కడికి?” అని అడుగు తల్లిదండ్రులు, “ఎన్ని గంటలకు వచ్చెదవు? సంచిలో ఏమున్నది?” అనియు అడుగుదురుగాక.