పురోగామి సరళ హరాత్మక తరంగ సమీకరణం

జూలూరుపాడు నుంచి కొత్తగూడెం వైపు వెళ్తే సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం వస్తుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ చేసినప్పుడు దూరాన ఉన్న ఇంటి కింద నేల కూడా అదురుతుంది, కాని కొంచెం ఆలస్యంగా. తరంగ సమీకరణమంతా ఈ ఆలస్యంలోనే ఉంది.

నిజానికి బ్లాస్టింగ్ తరంగం అనేక పౌనఃపున్యాల మిశ్రమం. దూరం వెళ్లేకొద్దీ అది క్షీణిస్తుంది కూడా. ఇక్కడ ఒకే పౌనఃపున్యం, మారని కంపన పరిమితి ఉన్నాయనుకుందాం.

మూలబిందువు వద్ద కణం సరళ హరాత్మక చలనంలో ఉంటే, టి కాలం వద్ద దాని స్థానభ్రంశం:

వై = ఏ సైన్ (ఒమేగా × టి)

ఇందులో ఏ కంపన పరిమితి, ఒమేగా కోణీయ పౌనఃపున్యం. తరంగం వి వేగంతో కుడివైపుకు పోతున్నది. ఎక్స్ దూరంలోని కణాన్ని చేరడానికి దానికి ఎక్స్/వి కాలం పడుతుంది. అంటే ఆ కణం ఇప్పుడు చేస్తున్నది, మూలబిందువు వద్ద కణం ఎక్స్/వి కాలం క్రితం చేసినదే. కనుక టి బదులు (టి − ఎక్స్/వి) రాయండి:

వై = ఏ సైన్ [ఒమేగా × (టి − ఎక్స్/వి)]

ఒమేగా/వి = 2పై/లామ్డా = కె. దీన్ని తరంగ సంఖ్య అంటారు, లామ్డా తరంగదైర్ఘ్యం. అప్పుడు

వై = ఏ సైన్ (ఒమేగా × టి − కె × ఎక్స్)

కుడివైపు ధన దిశ కదా, రుణ గుర్తు ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఆ గుర్తు చెబుతున్నది ఆలస్యాన్ని. ఎడమవైపుకు పోయే తరంగం ఈ కణాన్ని ముందే దాటి మూలబిందువుకు వస్తుంది. అక్కడ ధన గుర్తు వస్తుంది.

ఇప్పుడు వైని టి దృష్ట్యా అవకలనం చేయండి. కణ వేగం ఏ × ఒమేగా × కాస్ (ఒమేగా × టి − కె × ఎక్స్), దాని గరిష్ఠ విలువ ఏ × ఒమేగా. దీన్ని తరంగ వేగంతో కలిపేసుకోకండి. తరంగ వేగం సెకనుకు 3 కిలోమీటర్లు, పౌనఃపున్యం 5 హెర్ట్జ్, కంపన పరిమితి 0.2 మిల్లీమీటర్లు అనుకుంటే తరంగదైర్ఘ్యం 600 మీటర్లు. గరిష్ఠ కణ వేగం 2పై × 5 × 0.2, అంటే సెకనుకు 6.28 మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ఇంటి గోడకు ముప్పును అంచనా వేసేది ఈ చిన్న అంకెతోనే. గనుల భద్రతా సంస్థ డీజీఎంఎస్ 1997 సర్క్యులర్ ప్రకారం, గని యాజమాన్యానికి చెందని సాధారణ ఇళ్ల వద్ద 8 హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యానికి గరిష్ఠ కణ వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటరాదు. మన ఉదాహరణలోని తరంగం ఆ హద్దు దాటింది.

అభ్యాసం: కంపన పరిమితి మారకుండా పౌనఃపున్యం 4 హెర్ట్జ్‌కు తగ్గితే ఆ ఇల్లు హద్దులోపల ఉంటుందా? పై విలువను 3.14గా తీసుకుని లెక్కించండి.