నత్తిని గూర్చి

మన పల్లెలలో ఒకే పేరు గలవారు నలుగురున్నచో, వారిని వేఱుపఱుచుటకు ఇంటిపేరుకంటె ముందు దేహలక్షణమును జేర్చి చెప్పుట వాడుక. పొట్టి సుబ్బయ్య, కుంటి సుబ్బయ్య, నత్తి సుబ్బయ్య. పొట్టితనమును ఒకమాఱు చూచిన పిమ్మట ఎవరును దాని నంతగా తలంపరు. నత్తి యట్టిది కాదు. ఆ సుబ్బయ్య నోరు విప్పినప్పుడెల్ల వినువారు దానికొఱకే కనిపెట్టుకొని యుందురు. గరికపాడు మొదలు నందిగామ వఱకు గల మన మెట్టసీమలో ఇట్టి పేరు వినబడని యూరు అరుదు.

మన విద్యార్థులలో ననేకులకు నత్తి యనగా నవ్వుట కొక సాధనమనియే తెలియును. నాటకములందును, అటుపిమ్మట సినిమాలందును హాస్యగానికి నత్తి తగిలించుట పరిపాటి యయ్యెను. కాన దానిని గూర్చి నేటి శాస్త్రము చెప్పునది కొంత యిచ్చట వ్రాయ సంకల్పించితిమి.

నత్తి గలవానికి తాను చెప్పదలచిన మాట తెలియకపోవుట కాదు. మాట మనస్సున సిద్ధముగనే యుండును. నోట వెలువడుటలోనే చిక్కు. ఆ చిక్కు మూడు విధముల కనబడును. కొందఱు మొదటి ధ్వనిని పలుమాఱులు పలుకుదురు. కొందఱు దానిని సాగదీయుదురు. మఱికొందఱికి పెదవులు, నాలుక ఆ యక్షరమునకు దగినట్లు అమరియు స్వరము రాక క్షణములు గడచిపోవును. ఈ మూడవది అన్నిటిలో బాధాకరమైనది. ఏలయన వినువారికి అది నత్తివలె దోచదు. బడిలో ప్రశ్న యడిగినప్పుడు బాలుడు మౌనముగ నిలుచుండుట చూచి, వీనికి పాఠము రాదని ఉపాధ్యాయుడు తలంచును. ఉత్తరము తెలిసియు తెలియనివానిగా ఎంచబడుట కంటె విద్యార్థికి మిక్కిలి నొప్పి యేమి గలదు?

నత్తి సాధారణముగా రెండేండ్లకును ఐదేండ్లకును నడుమ మొదలగును. నూర్గురు పిల్లలలో సుమా రైదుగురికి ఏదో యొక కాలమున ఇది కనబడును. వారిలో పెక్కురకు కొలదికాలములో తనంతట తానే పోవును. పెద్దవారిలో నూటికి ఒకరికి మిగులును. మిగిలినవారిలో ఆడువారికంటె మగవారే మూడు నాలుగు రెట్లు అధికము. ఈ లెక్కను బట్టి ఐదువందల మంది చదువు పాఠశాలలో ఐదుగురైన నుండక తప్పదు. వారెవరో మనకు తెలియనిచో, వారు మాటలాడుటయే మానుకొనిరని యర్థము చేసికొనవచ్చును.

దీని కారణమును గూర్చి పూర్వులు పలువిధముల జెప్పిరి. సుశ్రుతుడు మూకత్వమును, ముక్కుతో పలుకుటను, గద్గదత్వమును ఒక్కచోట జేర్చి, కఫముతో గూడిన వాతము శబ్దమును మోయు నాడుల నడ్డుటచే ఇవి గలుగునని వ్రాసెను. మన యిండ్లలో మాట బాగుగ వచ్చుటకు పసిబిడ్డలకు వసకొమ్ము అరగదీసి నాకించుట నేటికిని గలదు; వదరుబోతును వసపిట్ట యనుట ఆ నమ్మకమునుండి పుట్టినదే. అది నత్తిని మాన్పునని ఋజువు లేదు. పసివారికి హాని చేయవచ్చునని వైద్యులు వలదందురు. అయినను మన వసకొమ్మును చూచి నవ్వ బనిలేదు. 1841వ సంవత్సరమున బెర్లినులో డీఫెన్‌బాఖ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు నత్తి గలవారి నాలుకలనే కోసి చికిత్స చేసెను. మత్తుమందు లింకను వాడుకలోనికి రాని దినము లవి.

నాలుకలో దోషమేమియు లేదని నేడు తేలినది. మాటకు సంబంధించిన మెదడు భాగముల నడుమ గల కూర్పులో స్వల్పభేద మున్నదనియు, కుటుంబములలో ఇది వంశానుగతముగ వచ్చుట గలదనియు పరిశోధకులు కనుగొనిరి. 2010వ సంవత్సరమున పాకిస్తాను దేశపు కుటుంబముల పరీక్షతో నారంభమైన పరిశోధనలో దీనితో సంబంధము గల కొన్ని జన్యువులు బయటపడెను. కావున భయపడుటవలన నత్తి పుట్టునని గాని, నత్తివానిని అనుకరించిన తనకును అంటునని గాని పెద్దలు చెప్పుట నిజము కాదు. భయము దానిని పుట్టింపదు. పుట్టిన దానిని పెంచును.

ఇందొక వింత గలదు. నత్తి గల బాలుడు తరగతితో గలిసి ఎక్కములు వల్లెవేయునప్పుడు తడబడడు. పద్యమును రాగముతో నెత్తికొన్నచో గడగడ చదువును. పాట పాడును. ఒంటరిగ దూడతో మాటలాడునప్పుడును నోరు చక్కగ తిరుగును. వాడే హాజరుపట్టీలో తన పేరు పిలువగా ‘ఉన్నాను’ అను నొక్క మాట పలుకలేడు! బయటినుండి వచ్చు లయ దొరకినప్పుడు, లోపల కుంటుపడిన కాలగతికి అది యూతయగుచున్నదని శాస్త్రజ్ఞులలో పలువురి యూహ. ఈ సంగతి యెఱుగని వారు, ‘పద్యము చదువగలవాడు పాఠ మప్పగింపలేడా? ఇది బద్ధకము’ అని తీర్పు చెప్పుదురు. ఈ యొక్క తీర్పు వలన ఎందఱు బాలురు బెత్తపు దెబ్బలు తినిరో!

నత్తి గలవారు దానిని దాచుటకై పడు పాట్లు ఇతరులకు తెలియవు. ఒక మాట రాదని ముందుగనే పసిగట్టి వేఱొక మాటను వేయుదురు. ‘గోధుమలు’ అనుటకు మాఱుగ ‘రొట్టెల పిండి’ యందురు. అందువలన వారు చెప్పునది యొక్కొక్కప్పుడు వింతగ దోచును. కాని పేరునకు మాఱుమాట లేదు. తన పేరు, తన యూరి పేరు అడిగినప్పుడే వారికి మిక్కిలి సంకటము. నందిగామలో బస్సెక్కిన యొక ప్రయాణికుని తలంచుకొనుడు. కండక్టరు ఎదుట నిలిచినాడు. వెనుక జనము త్రోయుచున్నారు. ‘గరికపాడు’ అను మాటలోని మొదటి ‘గ’కారము కంఠమున దిగబడినది. ‘ఎక్కడికయ్యా, త్వరగా చెప్పు!’ అను గద్దింపుతో అది మఱింత బిగిసికొనును. అట్టివాడు సులభముగ నోట వచ్చు వేఱొక యూరి పేరు చెప్పి, దూరపు టిక్కెట్టుకు సొమ్ము అధికముగ నిచ్చి, తన యూర దిగిపోవుటయు గలదు. ఆ పైకము ఏ లెక్కలోను చేరదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో సయితము, మాట యర్థమగుచున్నంత కాలము నత్తి గలవానిని వాగ్దోషము గలవారిలో చేర్పవలదని లెక్కరులకు సూచన యుండెను.

సిగ్గుపఱుచుట యెంత చేటు చేయునో చూపు విషాదవృత్తాంత మొకటి అమెరికాలో జరిగినది. 1939వ సంవత్సరమున అయోవా రాష్ట్రమున నొక అనాథశరణాలయములోని 22 మంది పిల్లలపై విశ్వవిద్యాలయమువారు పరీక్ష జరిపిరి. చక్కగ మాటలాడు పిల్లలలో కొందఱితో ‘నీకు నత్తి యున్నది, తప్పు పలుకకుము’ అని పలుమాఱులు చెప్పిరి. ఆ పిల్లలకు నిజమైన నత్తి వచ్చెనని చెప్పుటకు వీలులేదు; కాని వారిలో పలువురు మాటలాడుటకు జంకి ముడుచుకొనిపోయిరి. ఆ విశ్వవిద్యాలయము 2001లో దీనికి క్షమాపణ చెప్పినది. దినమున కిన్ని సారులు ‘నత్తోడా’ యని పిలుచు మన తోటిపిల్లలు ఎవరి యనుమతియు లేకయే ఆ పరీక్షను జరుపుచున్నారు.

నత్తి గలవారు గొప్పవారైరని చెప్పునప్పుడు ఆంగ్లేయ ప్రభువగు ఆఱవ జార్జిని పేర్కొనుట వాడుక. ఆయన కథ 2010లో చలనచిత్రముగ వచ్చినది. మాకు మోషే వృత్తాంతమే యెక్కువ ప్రీతి. తన నోరు మందమని ఆయన మొఱపెట్టుకొనినట్లు నిర్గమకాండమున నున్నది. అది నత్తియే యని పండితులందఱు నొప్పుకొనలేదు. ఆయనకు బదులు మాటలాడుటకు అన్నయగు అహరోను నియమింపబడెను. ఐనను ద్వితీయోపదేశకాండమును తెఱచి చూచినచో, ఆ గ్రంథములో నధికభాగము మోషే స్వయముగ జేసిన ప్రసంగములే! మాటలాడుటకు ఆయనకు కావలసినంత సమయము చిక్కినది కాబోలు.

‘నత్తిని వారము దినములలో పోగొట్టెదము’ అను ప్రకటనలు నమ్మదగినవి కావు. దానిని నిశ్చయముగ మాన్పు మందు లేదు. వాక్చికిత్సకులు ఊపిరిని, స్వరమును మెత్తగ నారంభించు పద్ధతులను నేర్పుదురు. అంతకంటె ముఖ్యముగ, తడబాటునకు వెఱవకుండుటను నేర్పుదురు. మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ ఈ విద్యకు మన దేశమున ప్రధానస్థానము. మనకు దగ్గఱలో సికిందరాబాదున నొక కేంద్రప్రభుత్వ సంస్థ గలదు. పసిబిడ్డకు నత్తి కొన్ని నెలలైనను తగ్గనిచో, పోవునులే యని యూరకుండక చూపించుట మంచిది. 2008లో నత్తి గలవారే స్వయముగ నేర్పఱచుకొనిన భారతీయ సంఘము వేఱొక త్రోవ ద్రొక్కినది: నత్తిని దాచక, నలుగురిలో తడబడుచునే మాటలాడుట. దాచుటకు వెచ్చించు శ్రమ తగ్గినచో మాటకు గల బరువు సగము దిగునని వారి యనుభవము. ఏటేట అక్టోబరు 22వ తేదీని ప్రపంచమంతట నత్తిని గూర్చి తెలియజెప్పు దినముగ 1998 నుండి జరుపుచున్నారు.

వినువారి పని సులభమైనదే కాని, చేయువారు తక్కువ. ‘నిదానముగా చెప్పు నాయనా, ఊపిరి పీల్చుకో’ యని ప్రేమతో చెప్పు తల్లియు, మాటను తానే అందించు మిత్రుడును మేలే కోరుదురు. కాని ఆ మాటలు విన్నవాడు తాను పట్టుబడితి ననుకొనును. అందించిన మాట పలుమాఱులు అతడు చెప్పదలచినది కానే కాదు. ముఖము త్రిప్పుకొనక, గడియారము చూడక, మాట ముగియువఱకు ఊరకుండవలెను. తరగతిలో వరుసగా చదివించునప్పుడు తన వంతు వచ్చుచున్నదని లెక్కించుకొనుచు వణకు బాలునకు, ఎప్పుడు చదువవలెనో ముందుగ తానే చెప్పుకొను స్వేచ్ఛ నీయవచ్చును. లేదా మఱియొకనితో గలిసి చదువనీయవచ్చును. హాజరు పిలుచునప్పుడు పలుకుటకు మాఱుగ చేయి యెత్తినను చాలునని తరగతి కంతటికిని ఒక్కటే నియమము చేసినచో, ఎవనికి నత్తి గలదో వేలెత్తి చూపవలసిన పనియుండదు. దీనికి పైయధికారుల యుత్తరువు అక్కఱలేదు. పట్టీ చేతబట్టిన ఉపాధ్యాయుడు రేపటి ప్రొద్దుననే మొదలుపెట్టవచ్చును.