ఛాయాచిత్రమునకు వెలుగు కొలత

ఛాయాచిత్రమును వ్రాయునది వెలుగు. కెమెరా యనునది ఆ వెలుగును లోనికి రానిచ్చి, తగినంత వచ్చిన పిమ్మట తలుపు మూయు చీకటి పెట్టె. తగినంత యనగా ఎంత? ఎక్స్‌పోజరు అను మాటకు అర్థమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది. వెలుగు చాలనిచో బొమ్మ నల్లబడును, మితిమీరినచో తెల్లబారును. పూర్తిగా తెల్లబారిన చోట పోయిన వివరమును తరువాత ఏ యుపాయముచేతను తిరిగి తేజాలము.

నేడు చేతిఫోను గల ప్రతి యింటను కెమెరా యున్నది. లెక్కయంతయు యంత్రమే చూచుకొనుచున్నది. అయినను ఉస్మానియా విశ్వవిద్యాలయములో పట్టము పుచ్చుకొన్ననాడు ఆర్ట్స్ కళాశాల యెదుట తీసికొను బొమ్మలను పరికింపుడు. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనము చక్కగా పడును. ఆకాశము చక్కగా పడును. పట్టము చేతబట్టిన కుమార్తె ముఖము, ఆమె ప్రక్కన నిలిచిన తల్లిదండ్రుల ముఖములు మాత్రము పెక్కుమారులు నల్లగా మాసియుండును. ఆ దినము మరల రాదు. యంత్రము తన లెక్క తప్పలేదు; బొమ్మ మాత్రము తప్పినది. ఇది ఎట్లు జరుగునో తెలిసికొనవలెనన్న మొదట ఆ లెక్క తెలియవలెను.

వేసవిలో మామిడి ఒరుగులు ఎండబెట్టు ఇల్లాలికి ఈ లెక్క క్రొత్తది కాదు. ఎండ తీవ్రముగా నున్నచో ఆమె వానిని త్వరగా తీసివేయును. మబ్బు పట్టినచో మరి రెండు దినములుంచును. ముక్క పలుచనిదైన త్వరగా ఎండును, మందమైనదైన ఆలస్యమగును. కెమెరాలోను విచారింపవలసినవి మూడే: వెలుగు ఎంత ధారగా పడుచున్నది, ఎంతసేపు పడుచున్నది, దానిని గ్రహించు పలక ఎంత చురుకైనది.

మొదటిది ద్వారము. లెన్సు లోపల వెలుగు చొచ్చు రంధ్రమునకు 2.8, 4, 5.6, 8, 11, 16 అని ఎఫ్ సంఖ్యలు గలవు. సంఖ్య పెరిగినకొలది ద్వారము చిన్నదగును. ఇది వింతగా తోచవచ్చును గాని, లెన్సు నాభ్యంతరమును ద్వారపు వ్యాసముచే భాగించిన వచ్చునది ఈ సంఖ్య. వ్యాసము తగ్గినచో భాగఫలము పెరుగుట సహజము. ఒక్కొక్క మెట్టునకు వెలుగు సగమగును. ద్వారము చిన్నదైనపుడు దగ్గరి వస్తువును, దూరపు వస్తువును రెండును స్పష్టముగా కనబడును. పెద్దదైనపుడు ముఖము స్పష్టమై వెనుకనున్నది మసకబారును.

రెండవది కాలము. షట్టరు తెరచియుండు సమయమును సెకండులో 60వ వంతు, 125వ వంతు, 250వ వంతు అని సగము సగముగా తగ్గించుచు పోవుదురు. హబ్సిగూడ మీదుగా పోవు మెట్రో రైలును 30వ వంతులో తీసినచో గీతలు గీతలుగా సాగిపోవును. 1000వ వంతులో తీసినచో కదలక నిలిచినట్లుండును. సాధారణమైన లెన్సుతో 60వ వంతుకంటె దీర్ఘమైన కాలమునకు చేతి వణకు బొమ్మలో పడుననియు, స్టాండు ఉపయోగించుట మేలనియు అనుభవజ్ఞులు చెప్పుదురు.

మూడవది పలక చురుకుదనము. దీనిని ఐ.ఎస్.ఓ. సంఖ్యతో తెల్పుదురు. 100 కంటె 200, దానికంటె 400 రెట్టింపు చురుకైనవి. ఫిల్ములో చురుకుదనము పెరిగినకొలది రవ్వ పెద్దదగును. డిజిటల్ కెమెరాలో సంఖ్య పెంచి తక్కువ వెలుగుతో తీసిన బొమ్మ చుక్కలు చుక్కలుగా కనబడును. ఈ చురుకుదనపు విలువను మన హైదరాబాదు చరిత్రయే చెప్పగలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కొలువున ఛాయాగ్రాహకుడై ప్రసిద్ధి కెక్కిన రాజా దీనదయాళు (1844–1905) ఈ విద్య నారంభించిన 1870ల నాటికి, అప్పటికప్పుడు మందు పూసిన తడిపలకలు వాడుకలో నుండెను. వానికి సామాన్యముగా కొన్ని సెకండుల కాలము పట్టెడిది, కూర్చున్నవారు కదలరాదు. 1880 ప్రాంతమున పొడిపలకలు వ్యాపించిన పిమ్మట సెకండులో చిన్న వంతు చాలినది. పరుగెత్తు గుఱ్ఱము సయితము బొమ్మలో నిలిచినది.

దీనికి మారుకొస నిజామియా నక్షత్రశాల. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన యీ వేధశాల, పెక్కు దేశములు కూడి ఆకాశమునకు పటము గీయు మహాకార్యమున పాల్గొన్నది. అచట వస్తువు మిక్కిలి మంద్రమైన నక్షత్రము. కావున దూరదర్శినిని ఆకాశముతోపాటు త్రిప్పుచు, గాజుపలకపై నిమిషముల తరబడి వెలుగు పడనిచ్చిరి. కంటికి కానరాని చుక్క పలకపై ప్రత్యక్షమైనది. కన్ను వెలుగును ప్రోగుచేసికొనలేదు, పలక చేసికొనగలదు.

ఈ మూటిలో ఒకటి తగ్గినచో మరొకటి పెంచి సరిచేయవచ్చును. మంచి యెండలో 100 ఐ.ఎస్.ఓ.కు ఎఫ్ 16, సెకండులో 125వ వంతు సరిపోవునని పాత సూత్రము. ఎఫ్ 11తో 250వ వంతును, ఎఫ్ 8తో 500వ వంతును అంతే వెలుగు నిచ్చును. వెలుగు మొత్తము మారదు. బొమ్మ స్వభావము మారును.

ఇక మీటరు మాట. కెమెరాలోని వెలుగు మీటరు తానేమి చూచుచున్నదో ఎఱుగదు. తన కెదురైన దృశ్యమంతయు సగటున నడితరపు బూడిదరంగుగా పడవలెనని మాత్రమే అది లెక్క కట్టును. ఛాయాగ్రాహకులు కొలతకై వాడు బూడిద అట్ట తనపై పడిన వెలుగులో నూటికి 18 పాళ్లు తిరిగి పంపును. మీటరు ఎంచుకొన్న నడితరము ఇంచుమించుగా అట్టిదే. ఇంటనే పరీక్షింపుడు. తెల్లని పంచెను దృశ్యమంతయు నిండునట్లు ఒక బొమ్మ, నల్లని గొడుగును అట్లే ఒక బొమ్మ తీయుడు. రెండును ఇంచుమించు బూడిదరంగుగా వచ్చును. పంచెకు యంత్రము వెలుగు తగ్గించినది, గొడుగునకు పెంచినది.

కళాశాల యెదుట జరిగినదియు ఇదియే. దృశ్యములో అధికభాగము వెలుగొందు ఆకాశము, ఎండ తగిలిన రాయి. యంత్రము వానికై వెలుగును తగ్గించినది. నీడనున్న ముఖములకు కావలసినది దక్కలేదు. దృశ్యములో ముఖ్యమేదో నిర్ణయించుట యంత్రమునకు విడువదగిన పని కాదు.

ఉపాయములు సులభమైనవే. మొదటిది, వెలుగు ముఖములపై పడునట్లు మనుష్యులను నిలుపుట. సూర్యుడు వారి వెనుక నున్నచో మీరు చోటు మారుడు. రెండవది, దగ్గరకు పోయి ముఖములు దృశ్యమును నింపునట్లు తీయుట. మూడవది, కెమెరాలో ఎక్స్‌పోజరును ఒక మెట్టు హెచ్చించుట. ఫోనులో ద్వారము తరచుగా మారనిదైనను, తెరపై ముఖమును వ్రేలితో తాకి, ప్రక్కన కనబడు సూర్యుని గుర్తును పైకి జరిపిన కార్యము నెరవేరును. చీకటిగోడ ముందు తెల్లని బట్టలతో కూర్చున్న తాతగారికైతే దీనికి విరుద్ధముగా క్రిందికి జరుపవలెను.

అన్నిటికిని చాలు ఎక్స్‌పోజరు ఒకటి యుండునా? ఉండదు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము ఉస్మానియావారి జపాల్–రంగాపూర్ వేధశాల మీదుగా సాగినది. అట్టి గ్రహణమున సూర్యుని చుట్టు కనబడు కాంతివలయము లోపలి యంచున మిక్కిలి ప్రకాశవంతము, వెలుపల మిక్కిలి మంద్రము. రెండును ఒక్క కొలతకు లొంగవు. కావున వేర్వేరు కాలములతో పెక్కు బొమ్మలు తీసి కూర్చుట ఖగోళజ్ఞుల పద్ధతి. నేటి ఫోనులు పెక్కింటిలో ఇట్టి కూర్పు తనంతట జరుగుచు, కష్టము కొంత తగ్గినది. అది లేనిచోట, చాలనిచోట, ఒకదానిని ఎంచుకొని మఱొకదానిని వదలుకొనక తప్పదు.

ఈసారి ఇంట శుభకార్యమునకు కెమెరా తీసినపుడు వెనుకనున్న పందిరిని, దీపములను గాక, ముందు ముఖములపై వెలుగు ఎట్లున్నదో చూడుడు. ఒక బొమ్మ తీసి, తెరపై ముఖములను పెంచి పరికించి, చాలనిచో అందరును అచటనే నిలిచియుండగా ఒక మెట్టు హెచ్చించి మరల తీయుడు.